కాళ్ల మీద స్నానం

కడుపుతో ఉన్నన్నాళ్లూ నా కీళ్లు నొప్పి పెట్టలేదు. పొద్దున లేవగానే పిడికిలి విడవనివ్వని జబ్బు, చాక్‌పీసు పట్టుకోలేక కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసేలా చేసిన జబ్బు, నాలుగో నెలకల్లా ఎటు పోయిందో పోయింది. చపాతీ పిండి కలిపాను. సీసా మూతలు నేనే తీసుకున్నాను. జగ్గయ్యపేటలో ఉండే మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్క, అదంతా పిల్ల మహిమ అంది. విజయవాడ డాక్టరమ్మ మాత్రం ఇది సెలవులాంటిదేనని, కాన్పు అయ్యాక నొప్పి తిరిగొస్తుందని ముందే చెప్పింది. విన్నాను గానీ నమ్మలేదు. నలభై దాటాక నిలిచిన కడుపు. ఆ ఒక్కటి నమ్మడానికే నాకు చాలా రోజులు పట్టింది.

పిల్లకి నెల నిండకముందే నొప్పి వచ్చింది, పాత బాకీ వసూలుకొచ్చినట్టు. మణికట్లు, వేళ్లు, మోకాళ్లు. పసిపిల్లల జుబ్బాలకి వెనకాల దారాలుంటాయి. వాటిని ఎవరు కనిపెట్టారో గానీ చేతులు సరిగా ఉన్నవాళ్లే కనిపెట్టి ఉంటారు. నేను పళ్లతో లాగి ముడి వేసేదాన్ని. పిల్లని అరచేతులతో ఎత్తలేక, రెండు మోచేతులూ కిందకి తోసి, కట్టెల మోపులా ఒళ్లోకి లాక్కునేదాన్ని. అది నా మొహంలోకి చూసేది. నొప్పికి నేను పెట్టే మొహాలన్నీ దానికోసమే పెడుతున్నాననుకుని నవ్వేది.

డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పిల్లకి పాలిస్తున్నంతకాలం చిన్న మాత్రలే. చేతులు మళ్లీ పనిచేయాలంటే గట్టి మాత్ర వేసుకోవాలి, అది వేసుకుంటే పాలు మానెయ్యాలి. నేను పాలే అన్నాను. ఈ వయసులో కని, పాలు కూడా ఇవ్వలేదన్న మాట పడటం నాకిష్టం లేదు. ఎవరికైనా ఎదురు చెప్పగలను, ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మొదటి మూడు నెలలూ నీళ్లు పోయడానికి ఒకావిడ వచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్లు బార్లా చాపి, పిల్లని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్లు చెంబులతో ఎత్తి పోసేది. తల గుండ్రంగా రావాలని నొక్కేది, ముక్కు సూటిగా రావాలని లాగేది. మా వైపు పిల్లకి స్నానమంటే ఇదే. మూడు నెలలు నిండాక, ఇక తల్లే పోసుకోవాలమ్మా అని చెప్పి, చందర్లపాడులో ఇంకో బాలింత దగ్గరికి వెళ్లిపోయింది.

తల్లే పోసుకోవాలి కదా, పోశాను. అది చలికాలం. గాలి తగలకూడదని బాత్‌రూం తలుపు గడియ పెట్టాను. పీట మీద కూర్చోవడం, కాళ్లు చాపడం, పిల్లని పడుకోబెట్టడం వరకూ బాగానే జరిగింది. చెంబు మూడోసారి ఎత్తేసరికి మణికట్టు వదిలేసింది. చెంబు గోడకి కొట్టుకుని దొర్లిపోయింది. సరే, చాల్లే అనుకుని లేవబోయాను. మోకాళ్లు లేవలేదు. పిల్లని పక్కన నేల మీద పెట్టి, చేతుల మీద బరువేసి లేద్దామంటే మణికట్లు ఒప్పుకోలేదు. కూర్చునే జరుగుతూ తలుపు దాకా వెళ్లాను. గడియ పైన ఉంది. ఫోను మంచం మీద ఉంది. అరిచాను. వీధిలో ట్రాక్టర్లు పోతున్నాయి. తడిసిన పైటలోనే పిల్లని చుట్టుకుని, బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు నడిపే మా ఆయన భోజనానికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆయన భుజంతో గుద్ది తలుపు విరగ్గొట్టాడు. అప్పటికి పిల్ల ఏడవడం కూడా మానేసింది.

మర్నాటికి పిల్ల డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. మా ఊళ్లోనే, నందిగామ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంటికి పంపించే రోజున జగ్గయ్యపేట నుంచి వదిన వచ్చింది. నామీద కోప్పడుతుందని, తగిన జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె కోప్పడలేదు.

“నిన్నేమీ అనట్లేదమ్మాయ్. నీ చేతులు నీ మాట వినేదాకా పిల్ల నా దగ్గరుంటది.”

మా ఆయన వైపు చూశాను. ఆయన సెలైన్ స్టాండు వైపు చూస్తూ, మంచిదేగా అన్నాడు. మీరే వచ్చి ఇక్కడ ఉండండి వదినా అన్నాను. అన్నయ్యగారికి, అంటే వాళ్లాయనకి, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు, క్యారేజీ కట్టాలంది. అయితే నేనూ జగ్గయ్యపేట వస్తానన్నాను. ఇద్దరికి చేయలేనంది. అది అబద్ధం కాదు. అప్పటికి నాకు జడ వేయడానికి కూడా మనిషి కావాలి.

పిల్ల వెళ్లిపోయాక రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. పిండుకుందామంటే వేళ్లు వంగలేదు. పక్కింటావిడ వచ్చి పిండి, ఆ పాలు అదే బాత్‌రూంలో పారబోసింది. మల్లెపూలు కట్టుకుంటే ఇంకిపోతాయమ్మా అంది. ఆ చలిలో మల్లెలెక్కడివి? వాటంతటవే ఇంకాయి. గట్టి మాత్ర మొదలుపెట్టాను, వారానికొకటి. వేసుకున్న మర్నాడల్లా వాంతులు, దువ్వెన నిండా జుట్టు. గుణం కనిపించడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎన్ని నెలలని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా అంది. వైద్యం చదివినవాళ్లు నేర్చుకునే మొదటి మాట అదే కాబోలు.

ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లేదాన్ని. వదిన ఇంటి కిటికీ ఊచల మీద రోజూ తుడిచినా సిమెంటు దుమ్ము పేరుకుంటుంది. పిల్ల మీద మాత్రం ఏ దుమ్మూ లేదు. నిజం చెప్పాలంటే తప్పులు వెతికాను. చెవుల వెనక చూశాను, మెడ మడతలు విప్పి చూశాను, గోళ్లు చూశాను. శుభ్రంగా ఉంది. బుగ్గలొచ్చాయి. నేను వెళ్లేసరికి ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని, నీళ్లు పడుతుంటే కేరింతలు కొడుతుండేది. ఆమె పోస్తూ పోస్తూ, ఇదిగో ఇట్టా పట్టుకోవాలి, మెడ కింద ఇట్టా, అని నాకు నేర్పేది. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివినదాన్ని, స్టూలు మీద కూర్చుని తలూపేదాన్ని.

అన్నప్రాసన అక్కడే చేశారు. వీధిలో వాళ్లందరూ వచ్చారు. వదిన పిల్లని ఒళ్లో పెట్టుకుని పాయసం నాకించింది. ఎవరో నాకు పళ్లెంలో పలహారం తెచ్చి పెట్టి, మీదే ఊరండీ అని అడిగారు. నందిగామ అన్నాను. వదినేమో వచ్చే ఏడు పిల్లకి చెవులు కుట్టించడం గురించి, వీధి చివర కాన్వెంటు గురించి ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమెకి ఉన్నది ఒక్క కొడుకు, హైదరాబాదులో ఉద్యోగం. ఆడపిల్ల లేదన్న కొరత ఆమెకి ఎప్పుడూ ఉంది. దురాలోచన చేసే మనిషి కాదు. దొంగతనమైతే కేసు పెట్టొచ్చు. ప్రేమగా పెంచుతున్నవాళ్ల మీద ఏం కేసు పెడతాం?

ఎండలు ముదిరేనాటికి నా పిడికిలి పొద్దున్నే విడవడం మొదలైంది. కప్పు పట్టుకోగలిగాను, జడ నేనే వేసుకున్నాను. మాత్ర వేళ్ల దాకా వచ్చింది గానీ మోకాళ్ల దాకా దిగలేదు. అంతకంటే ఆగదలుచుకోలేదు. సాయంత్రం బస్టాండులో ఉండమని మా ఆయనకి చెప్పి, జగ్గయ్యపేట వెళ్లాను. పిల్లని తీసుకెళ్తానన్నాను.

వదిన పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది. “నీళ్లు పోసి చూపించు. పోసి, నీ అంతట నువ్వు లెగు. నేనే ఆటో ఎక్కించి పంపిస్తా.”

“మీ అబ్బాయికి ఇప్పుడు ఎవరి కాళ్ల మీద పోస్తున్నారు వదినా?”

అన్నయ్యగారు పేపరు వెనక నుంచి నవ్వారు. ఆమె నవ్వలేదు. “ఎకసెక్కాలొద్దమ్మాయ్. ఆ రోజు లెగలేకపోయావు. నేనడిగేది అదొక్కటే.”

పీట మీద కూర్చుంటే లేవలేనని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. పెరట్లో పంపు పక్కన నడుమెత్తు బట్టలుతికే గట్టు ఉంది. దాని మీద బట్టలు నానబెట్టే టబ్ పెట్టి, గోరువెచ్చని నీళ్లు నింపమని అన్నయ్యగారిని అడిగాను. ఆయన నింపారు. నేను నిలబడే ఉండి, పిల్లని టబ్‌లో కూర్చోబెట్టాను. అప్పటికి కూర్చుంటోంది.

“బట్టలు నానేసినట్టు నానేస్తావా పిల్లని? ఇదీ ఒక నీళ్లు పోయడమేనా?”

పలికితే చెయ్యి జారుతుంది. పిల్ల కూడా అదే అడుగుతున్నట్టు గుక్కపట్టి ఏడ్చింది. ఎన్నడూ ఎరగని టబ్, వారానికోసారి కనిపించే మనిషి. నా చేతుల మీదుగా వంగి, వదిన వైపు రెండు చేతులూ చాపింది. ఆమె రాలేదు. చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని అక్కడే నిలబడింది. తడి పిల్ల చేపలా జారుతుంది. ముందు నా గుండెల మీద తువ్వాలు పరుచుకుని, మోచేతులు కిందకి పోనిచ్చి, పిల్లని ఒంటికి అదిమి లాక్కున్నాను. భుజంలో ఏదో కలుక్కుమంది. జారలేదు. సాంబ్రాణి వెయ్యనా అని వదిన అడిగింది. వద్దన్నాను.

ఆమె బట్టలు సర్దింది. సంచిలో సున్నిపిండి డబ్బా పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. పాలసీసా నింపి మూత బిగించింది. ఆటో దగ్గర, పిల్ల తల మీద చెయ్యి వేసి, “నీ దగ్గర ఏడుస్తదమ్మాయ్” అంది.

“ఏడవనివ్వండి.”

ఏడ్చింది. బస్సు హైవే ఎక్కినా మానలేదు. నా మొహం చూడకుండా కిటికీ వైపు విరుచుకుంటోంది. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. కండక్టరు కూడా రెండుసార్లు చూశాడు. పక్కసీటావిడ, పాలిచ్చెయ్యమ్మా, అడ్డంగా కూర్చుంటాలే అంది. పాలు లేవన్నాను. సీసా తీశాను. వదిన తన చేతి బలమంతా పెట్టి బిగించిన మూత అది. చీర కొంగు వేసి తిప్పాను, పళ్లతో పట్టాను. కదల్లేదు.

“మనవరాలా?” అంది ఆవిడ, నా జుట్టు వైపు చూస్తూ.

“కాదండీ, నేను కన్నదే. ఈ మూత కాస్త తీసిపెట్టండి.”

ఒక్క తిప్పుకి తీసిచ్చింది. పిల్ల తాగింది, మధ్య మధ్య వెక్కుతూ, ఆవిడనే చూస్తూ.

నందిగామలో దిగాలంటే కడ్డీకి రెండు చేతులూ కావాలి. పిల్లని కూడా పట్టుకోవడానికి మూడోది లేదు. ఆవిడే పిల్లని కిటికీలోంచి కింద నిలబడ్డ మా ఆయనకి అందించింది. నేను ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టుకుంటూ దిగాను. నేను దిగేసరికి పిల్ల ఏడుపు ఆపేసింది. ఆయన భుజం మీద గడ్డం ఆనించి, విజయవాడ వైపు కదిలిపోతున్న బస్సుని చూస్తోంది. ఇంటికెళ్లాక ఎవరు ఎత్తుకుంటారని మా ఆయన అడిగాడు. నేనే అన్నాను.