చచ్చినవాడు మళ్ళీ భోంచేసిన సినిమా

మొన్న మూకండపల్లిలో మా మనవడి ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. వాడు ఫోనులో ఏదో గుర్రాల సినిమా పెట్టుకున్నాడు. ఎవరో ఈల వేస్తున్నట్టుండే ఆ సంగీతం చెవిన పడగానే నా చేతులు ఆగిపోయాయి. "ఇటలీవాళ్ళు తీసింది అవ్వా, పగ తీర్చుకునే కథ" అన్నాడు వాడు. కింద చూసినవాళ్ళు రాసిన అభిప్రాయాలు వందలకొద్దీ ఉన్నాయట, కొన్ని చదివి వినిపించాడు. పగంటే ఇట్లా ఉండాలని ఒకడు, మొదటి అరగంట నిద్రొచ్చిందని ఇంకొకడు, తన తాత గుర్తొచ్చాడని మరొకడు. అన్నీ విని, "మేం చూసినప్పుడు చచ్చినవాడు మళ్ళీ వచ్చి భోంచేశాడురా" అన్నాను. వాడు ఫోను పక్కన పెట్టి నా మొహం చూశాడు, అవ్వకు మతి తప్పిందేమోనని. మతి బాగానే ఉంది. హోసూరు టాకీసులో ఆపరేటరు, ఆఖరి రీలుకు ముందున్న రెండు రీళ్ళను ఆడినన్ని వారాలూ తారుమారు చేసే వేశాడు. ఆ సంగతి అప్పట్లో ఊళ్ళో ఎవరి నోటా రాలేదు.

అరవైల చివర మాట. నేను రాయకోట నుంచి హోసూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చి రెండేళ్ళవుతోంది. మా మామగారిని నేను చూడలేదు. ఉమ్మడి బావి దగ్గర నీళ్ళ వంతు గొడవలో ఆయన దాయాదే పారతో నెత్తి మీద కొట్టాడు. మూడో రోజుకు ఆయన పోయాడు. కొట్టినవాడు జైలుకు వెళ్ళాడు. మా ఆయనకప్పుడు పదమూడేళ్ళు. ఆయన్ను పెంచి పెద్ద చేసింది మామగారి తమ్ముడు, మా చిన్నమామ. ఆ మనిషి అన్న చితి దగ్గర తలరుమాలు విప్పేసి, పగ తీరేదాకా మళ్ళీ కట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మా వైపు సేద్యగాడు చొక్కా లేకుండానైనా వీధిలోకి వస్తాడు గానీ రుమాలు లేకుండా రాడు. పదేళ్ళు ఎండకూ వానకూ ఆయనది ఉత్త తలే. ఎదురైన ప్రతివాడూ పలకరించే ముందు ఆ తల వంక చూసేవాడు. ఒట్టు ఆయనే మరిచిపోదామనుకున్నా ఊరు మరవనిచ్చేది కాదు.

ఆ ఏడు జైలుకు పోయినవాడు తిరిగొచ్చాడు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే వాడిల్లు. ఏమీ జరగనట్టు పొద్దున్నే బావి దగ్గరికి పోయేవాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక్కరికీ కూర్చున్నచోట కుదురు లేదు. చిన్నమామ వాకిట్లో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. కోతలు లేని కాలంలో రోజూ కొడవలి నూరేవాడు. నేను సంగటిలో రెండుసార్లు ఉప్పు వేసేదాన్ని, మర్నాడు అసలు వేయడమే మరిచేదాన్ని, తినేవాళ్ళెవరూ తేడా చెప్పేవాళ్ళు కాదు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చిన్నమామ మా ఆయనతో అంటున్న మాట విన్నాను. "కొడుకు చెయ్యి పడాలప్పా. నేను పక్కన ఉంటా, భయపడొద్దు." మా ఆయన తల వంచుకుని వింటున్నాడు. నాకప్పుడు అయిదో నెల. చేతిలోని తడిచీర నేల మీద పడిపోయింది, మట్టంటిన ఆ చీరనే తీసి అట్లాగే దండెం మీద వేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే హోసూరు టాకీసులో ఆదివారం పొద్దుటి ఆటకు ఆ సినిమా వచ్చింది. బెంగుళూరు నుంచి బస్సు మీద రీలు డబ్బాలు వచ్చేవి. చిన్నప్పుడు తండ్రిని తన కళ్ళ ముందే చంపినవాణ్ణి కొడుకు పెద్దవాడై వెతుక్కుంటూ వస్తాడని కథ. ఇక చూసొచ్చిన ప్రతివాడికీ ఒక అభిప్రాయం. మా జట్కావాడు కుర్రతనంలో పశువుల ఫారంలో గుర్రాలను చూసుకున్నవాడు. "నాలుగు దినాలు ఆ గుర్రానికి గుక్కెడు నీళ్ళు చూపించలే. వీడేం మొగోడప్పా?" అని వాడి ఏడుపు. చంపబడ్డవాడు మళ్ళీ ఎట్లా వచ్చాడంటే, వాళ్ళు కవలలని, హీరో చంపింది తప్పు మనిషినని మంగలాయన తేల్చేశాడు. టీ అంగడి తమిళాయన అదంతా హీరోకు వచ్చిన కల అన్నాడు. పూలమ్మే కన్నడావిడ సినిమా చూడనే లేదు, అయినా అది దెయ్యమేనని, తద్దినం కూడు తినడానికి వచ్చిందని ఒట్టేసి చెప్పింది. రీళ్ళు అటూ ఇటూ అయ్యాయని ఒక్కరూ అనలేదు. ఇంగ్లీషు సినిమా అర్థం కాకపోతే తప్పు మనదేనని మా అందరి నమ్మకం. ఇంతా చెప్పి, చివర్లో ఎవరైనా సరే చిన్నమామ తల వంక చూసి ఒకే మాట అనేవాళ్ళు. "నువ్వు చూడాల్సిన పిచ్చరప్పా అది."

రెండో ఆదివారానికి చిన్నమామ మా ఆయన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. అంతవరకూ సినిమా మొహం ఎరగని మా అత్త చీర కొంగు దోపుకుని జట్కా దగ్గరికి వచ్చేసింది.

"ఆడోళ్ళు చూసేది కాదు వదినా అది" అన్నాడు చిన్నమామ.

"పోయింది నా మొగుడప్పా" అంది అత్త. ఆమె వెనకే నేనూ ఎక్కాను.

రేకుల కప్పు చిల్లుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. నేను తెర మీద చూసింది తక్కువ, గోడ మీదుగా మా ఆయన్ను చూసింది ఎక్కువ. పల్లీల పొట్లం విప్పకుండానే చేతిలో నలిపేస్తున్నాడు. తెర మీద హీరో ఆ దుర్మార్గుడి ఇంటికి నిప్పు పెట్టాడు. దూలాలు విరిగి కప్పు కూలింది. బయటికి పరుగెత్తి వచ్చినవాణ్ణి గడప ముందరే కాల్చేశాడు. "అట్లా!" అని చిన్నమామ మా ఆయన తొడ మీద చరిచాడు. రీలు మార్చడానికి దీపాలు వెలిగినప్పుడు చూద్దును కదా, చిన్నమామ కళ్ళల్లో నీళ్ళు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు మా ఆయన మీద జాలి, చిన్నమామ మీద పట్టరాని కోపం.

మళ్ళీ దీపాలు ఆరాయి. ఇప్పుడే చచ్చినవాడు శుభ్రంగా బల్ల ముందు కూర్చుని రొట్టె తుంచుతున్నాడు. కూతురు, పదేళ్ళ పిల్ల, వడ్డిస్తోంది. ఎదురుగా హీరో. వాడి నోట్లోకి ముద్ద దిగడం లేదు. టాకీసంతా గుసగుసలు. పక్కన అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వేయకుండా చూసింది. ఆఖరి రీల్లో హీరో ఒక్కడే గుర్రమెక్కి ఎటో వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో చిన్నమామ ఉండబట్టలేక, "అదేందప్పా, కాల్చినోడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు?" అన్నాడు. జట్కావాడు కవలల కథ ఎత్తుకోబోయాడు.

"కవలలూ కాదు, దెయ్యమూ కాదు" అంది అత్త. "చంపినా పోలే వాడు. చంపినోడి ఎదురుగానే కూర్చున్నాడు, దినామూ కూర్చుంటాడు. ఆ పిల్ల వడ్డిస్తానే ఉంటాది, వీనికి ముద్ద దిగదు. మన పిల్లోనికి ఆ బతుకు కావల్నా అప్పా?"

చింతతోపు మలుపు దాటాక చిన్నమామ ఉత్త తల నిమురుకుంటూ, "నాకూ అట్లే తోచింది వదినా" అన్నాడు. మా ఆయన నలిగిన పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టాడు. నేను ఏడుస్తూనే అన్ని పల్లీలూ తిన్నాను.

మరుసటి వారం చిన్నమామ కృష్ణగిరి సంతకు పోయి కొత్త రుమాలు కొని, అక్కడే కట్టుకుని వచ్చాడు. ఒట్టు ఏమైందని అడిగినవాళ్ళతో "తీరింది" అనేవాడు. అలాగని పాలూ నీళ్ళలా కలిసిపోలేదు. దాయాది వంతు రోజున మేం బావి దిక్కుకు పోలేదు, మా వంతు రోజున వాడు రాలేదు. చచ్చేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, అంతే. ఊరికి కొన్నాళ్ళు మాట్లాడుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

చిన్నమామ పోయిన చాలాకాలానికి, అత్తా నేనూ చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు ఆ సినిమా మాట వచ్చింది. కవలలే అయ్యుంటారా అత్తా అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"ఇల్లు కాలి కప్పు కూలింది కదమ్మా? వాళ్ళు కూర్చుని కూడు తినింది ఆ ఇంట్లోనే. కప్పు నిండుగా ఉంది, గోడకు మసి గూడా లే. ముందరిది ఎనక వేసినాడు ఆ పిచ్చరాయన. నాకు ఆడనే తెలిసిపోయింది."

"మరి ఆ పొద్దు చెప్పలేదేం?"

"చెప్పింటే నీ మొగుడు యాడుండేవాడు?" అంది, గింజ పక్కకు వేస్తూ.

జరిగిపోయినదాన్ని ముందు వెనకలు చేయడం ఆ దేవుడి వల్ల కూడా కాదంటారు. ఏమో, ఎవరో చేసిన తప్పును మా అత్త ఒక ఆదివారం పొద్దున దిద్దకుండా వదిలేసింది, దాంతో నాకు మా ఆయనతో నలభై ఏళ్ళ కాపురం దక్కింది.