సాక్ష్యం చెప్పినవాళ్లకి పార్కింగ్ లేదు

షార్జాలో రోలా దగ్గర మా తెలుగు క్రైస్తవ సంఘం కూడుకునే హాలు ముందు నీలం గీతల పార్కింగ్ గడి ఒకటుంది. అక్కడ బండి పెట్టుకునే కార్డు నాకుంది. ఇక్కడి సర్కారు మమ్మల్ని వికలాంగులు అనదు, సంకల్పం గలవాళ్లు అంటుంది. ఆ శుక్రవారం నా సంకల్పం ఒక్కటే. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చెయ్యి వేయాలి. అంతకు ముందు నెల ఒంట్లో బాగోలేక వెళ్లలేకపోయాను.

నాది నరాల జబ్బు. ఏసీ గదిలో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఒంటికి వేడి తగిలిందంటే కాళ్లు నా మాట వినవు, కళ్ల ముందు మసక కమ్ముతుంది. వార్డులో పరుగులు పెట్టిన నర్సుని, ఇప్పుడు కుర్చీలో కూర్చుని రోగులతో ఫోన్లో మాట్లాడే పని చేస్తున్నాను.

ఆగస్టు ఎండ. గడికి అడ్డంగా ప్లాస్టిక్ కోన్ పెట్టి, పచ్చ జాకెట్ వేసుకుని సంఘపెద్ద నిలబడి ఉన్నాడు. పార్కింగ్ సేవ ఆయనది. అద్దం దించి కార్డు చూపించాను.

"వందనాలు సిస్టర్. ఇక్కడ కాదండి, ఇది నడవలేనోళ్లకి."

"ఈ కార్డు నాకిచ్చిందే అన్నయ్యా."

"మొన్న ముందుకొచ్చి, ప్రభువు నన్ను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది మీరే కదండీ? అందరం చప్పట్లు కూడా కొట్టాం. దేవుడు బాగుచేశాక సర్కారు ఒప్పుకోనంటదా ఏంటి?"

పక్క బండి దిగుతున్నవాళ్లు నవ్వారు. "యల్లా, పదండి సిస్టర్, వెనక బళ్లు ఆగిపోయినయ్" అన్నారెవరో.

సాక్ష్యం చెప్పిన మాట నిజమే. ఒక కంటికి చూపు పోయి, మందు ఎక్కించాక తిరిగి వచ్చింది. అది ప్రభువు చేసిన పనేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ మా సంఘంలో సాక్ష్యం భూతకాలంలోనే చెప్పాలి. "స్వస్థపరుస్తున్నాడు" అంటే అవిశ్వాసం కింద లెక్క. ఒళ్లు కాలిపోతుండగానే జ్వరం పోయిందని స్తోత్రం చెల్లిస్తాం. ఆ వ్యాకరణం పట్టుకుని ఈయన నా కాళ్లకు తీర్పు తీర్చాడు. తన షుగరు పోయిందని ఈయన చెప్పిన సాక్ష్యానికి నేనూ ఆమెన్ అన్నాను. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో అన్నం ముందు కూర్చుని మాత్ర మింగడమూ చూశాను. ఆయన మాత్ర జేబులో ఉంటుంది, ఎవరూ అడగరు. నా కార్డు అద్దం మీద ఉంటుంది.

వీధి అవతల ఇసుక స్థలంలో బండి పెట్టి నడిచాను. సగం దారిలో మోకాళ్లు వదిలేశాయి. మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. మా సంఘం ఆవిడే ఒకామె పిల్లల్ని లాక్కుంటూ పక్కనుంచి పోతూ, "ఇక్కడ కూర్చున్నారేంటక్కా, పాటలు మొదలైపోయాయి" అంది. ఆగకుండానే మలుపు తిరిగిపోయింది. కాసేపటికి లేచి, గోడలు పట్టుకుని హాల్లోకి చేరి ఆఖరి వరసలో కూర్చున్నాను.

బల్లకు ముందు పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే, "ఎవరి మీదైనా కోపముంటే సరిచేసుకుని చెయ్యి చాపండి" అన్నారు. దెబ్బ తిన్నవాళ్లే దిగమింగుకోవాలన్నట్టు చెబుతారు ఆ మాట. అర్పణ బలిపీఠం దగ్గర విడిచి ముందు సమాధానపడమన్న వాక్యం సండే స్కూలు నుంచి నాకు కంఠతా వచ్చు. అందులో లేచి వెళ్లాల్సింది ఎదుటివాళ్లకు ఎవరి మీద విరోధం ఉందో ఆ మనిషి. నేను కాదు.

రొట్టె పళ్లెం పట్టుకుని మా వరసకు వచ్చింది ఆయనే.

"తీసుకోండి సిస్టర్."

నేను చెయ్యి చాపలేదు. "వచ్చేవారం నేను బండి ఎక్కడ పెట్టాలి అన్నయ్యా?"

"ఇప్పుడా అండీ ఆ మాట?"

"ఇప్పుడే."

వరసలో అందరివీ వంచిన తలలే, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ముందు కుర్చీ పట్టుకున్న నా చెయ్యి వణుకుతోంది. ఆయన దాన్నే చూశాడు. ముఖం మెత్తబడింది.

"అయ్యో, ఇంతుందని తెలవదు చెల్లెమ్మా. హాలు ముందే పెట్టుకోండి, కోన్ నేనే తీసేస్తా."

రొట్టె తీసుకున్నాను. నా చేతిది జబ్బు వణుకు కాదు, కోపం. చూడక నమ్మినవాళ్లు ధన్యులని వేదిక మీద చెప్పే మనిషి, నా చెయ్యి వణికితే గాని నా కాళ్లను నమ్మలేదు.