మేకకు చెప్పిన సినిమా కథ

మా మామ పోయారు. పొద్దున ఛాయ్ తాగి, మేకను విప్పబోతూ అలాగే కూలబడ్డారు. నారాయణఖేడ్ దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. లోపలికి పోయిన కాసేపటికే మా ఆయన బయటికొచ్చి, "నాయిన లేడు" అన్నారు. నేను అప్పుడు ఏడవలేదు. ఏడుపు కన్నా ముందు భయం వచ్చింది. ఎందుకో చెప్తాను.

మా ఇళ్లలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటున నిలబడుతుంది. అత్త నా పెళ్లికి ముందే చనిపోయింది. ఇంట్లో మామ, నేను. మా ఆయన పనికి పోతే మధ్యలో మాట మోసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని మామ నాతో చెప్పాల్సినవన్నీ వాకిట్లో మేకతో చెప్పేవారు.

"మేకా, ఇయ్యాల పప్పుల ఉప్పు తక్కువైందే."

మేక ఏమీ అనేది కాదు. మర్నాడు ఉప్పు సరిపోయేది.

నేను పిరికిదాన్ని. బల్లి పడినా ఉలిక్కిపడతాను. కొత్త ఇల్లు, కొత్త ఊరు. సాయంత్రం ఒక్కదాన్నే పొయ్యి దగ్గర కూర్చుంటే చిన్న చప్పుడుకీ వెనక్కి తిరిగి చూసేదాన్ని. అది ఎలా కనిపెట్టారో గానీ, మామ మేకకు సినిమా కథ చెప్పడం మొదలుపెట్టారు. వయసులో ఉన్నప్పుడు డేరా టాకీసులో చూసిన పాత సినిమా. పేరు ఆయనకే గుర్తులేదు. పాడుబడ్డ బంగళాలో నిధి కోసం నలుగురు వెతుకుతుంటారు, అందులో ఒకాయన బాగా లావు. ఒకరిని ఒకరు భయపెట్టడానికి అందరూ తెల్ల దుప్పట్లు కప్పుకుని దయ్యాల్లా తిరుగుతారు. చివరికి ఏ దయ్యాన్ని చూసి ఏ దయ్యం పరుగెత్తుతుందో తెలియదు.

"గప్పుడు తలుపు దానంతల అదే తెరుసుకున్నది..." అని గొంతు తగ్గించేవారు. నేను పెనం మీద జొన్నరొట్టెను మరిచిపోయేదాన్ని.

"మేకా, రొట్టె మాడుతున్నది. పరేషాన్ గాకు, అచ్చింది దయ్యం గాదు, గా లావాయన."

కొంగులో నోరు దాచుకుని నవ్వేదాన్ని. మళ్లీ భయపడేదాన్ని. రోజూ అదే కథ, రోజూ ఏదో ఒకటి కొత్తగా కలిసేది.

నేను కడుపుతో ఉన్నప్పుడు కట్టెల గదిలో నేల చదును చేస్తుంటే మా ఆయన గడ్డపార బండకు తగిలింది. కింద బోలుగా మోగింది. అంతే, లంకెబిందెలున్నాయన్న ఆశ ఆయన్ని పట్టుకుంది. కర్ణాటక వైపు నుంచి ఒక మంత్రగాడిని పిలిపించారు. మామ కల్హేర్ అంగడికి పోయిన అమావాస్య రోజు, పగటి పూట బండ లేపారు. నల్లటి గుంత. మంత్రగాడు తాడుకు దీపం కట్టి దించాడు. సగం దూరం పోకముందే దీపం ఆరిపోయింది.

"సూసిండ్రా? దేవత దీపం మింగింది. కడుపుతోని ఉన్న ఆడిది దిగాలె. ఆమె చెయ్యి తాకితెనే బిందెలు కదుల్తయ్."

మా ఆయన నా ముఖంలోకి చూడలేదు. "భయపడకు, తాడు నేనే పట్టుకుంట" అంటూ నా చంకల కింద నుంచి తాడు కట్టారు. వద్దు అనాలని ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరికీ వద్దు అని చెప్పినదాన్ని కాదు. గుంతలోంచి మురిగిన గింజల వాసన వస్తోంది. లోపల బిడ్డ కదిలింది.

ఆటో దొరకక మామ దారిలోంచే తిరిగొచ్చారు. గది గుమ్మంలో నిలబడి చూశారు. ఆ రోజు మేకతో చెప్పలేదు.

"బిడ్డా, ఎనుకకు రా."

నాతో నేరుగా ఆయన అన్న మొదటి మాట అదే. తర్వాత మంత్రగాడి వైపు తిరిగి నవ్వారు.

"మా సినిమాల గూడ నీ అసుంటి సామే ఉండె. లావాయనను గుంతల దిగుమంటడు. లావాయన ఏమన్నడో ఎరికేనా? 'సామీ, ముంగట నువ్వు దిగు. నేను పైనుండి దండం పెడ్త' అన్నడు. ఇగ దిగు!"

"నేను దిగొద్దు. దీక్ష చెడుతది."

"దీక్ష చెడుతదా, పానం పోతదా? జెప్పు!"

మంత్రగాడు సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. మామ కొడుకును చూశారు. అప్పుడు నవ్వు లేదు.

"ఇది జొన్నల పాతర రా, పిచ్చోడా. మా అమ్మ గింజలు పోసి, బండేసి, మన్ను కప్పుతుండె. దీపం ఆరిందంటే లోపల గాలి చెడ్డదని. దినమంతా తెరిచిడిస్తె గని ఎవ్వరు దిగకపోయేది. దిగినోడు మళ్ల పైకి రాడు."

నా తాడు ముడి ఆయనే విప్పారు. ముడి ఎంతకీ రాలేదు. అప్పుడు చూశాను, అంత నవ్వించిన మనిషి విప్పబోయి ముడిని ఇంకా బిగిస్తున్నారు.

సాయంత్రానికి బండ మళ్లీ వేయించి, పైన కట్టెలు పేర్పించారు. మర్నాడు మళ్లీ మేకతోనే మాట. "భయమైతే భయపడాలె మేకా. గని నోరు మూసుకోవద్దు."

బిడ్డ పుట్టాక ఒకసారి తలుపు చాటు నుంచి నేనే మేకను అడిగాను, చివరికి ఆ నిధి పెట్టెలో ఏముందని. మామ చాలాసేపు నవ్వారు. "నాకేమెరుక? పెట్టె తెరుస్తుంటెనే కరెంటు పాయె."

దినాలు కాగానే మంత్రగాడి ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. అది జొన్నల పాతరేనని మా ఆయన మనసు ఇంకా ఒప్పుకోలేదు, వాకిట్లోకి పోయి మాట్లాడుతున్నారు. ఆ ఫోను గొంతు పెద్దది. "ముసలాయన అడ్డం లేడు గదా ఇగ" అన్నది నా చెవిన పడింది.

నిన్న మధ్యాహ్నం కట్టెలన్నీ బయట వేశాను. గది ఊడ్చి, బండ మీద చాప పరిచి, బిడ్డను పక్కన వేసుకుని కూర్చున్నాను. మా ఆయన వచ్చి చూశారు.

"ఇంట్ల జాగ లేదా? గీడ ఎందుకు?"

"గీడనే ఉంటం. బండ లేపాల్నంటె మమ్ముల ఇద్దర్ని లేపాలె."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చేతిలో పట్టుకున్నారు. మమ్మల్ని చూస్తూ గడప అవతలే నిలబడిపోయారు. మోగి మోగి ఆగిపోయింది. బిడ్డ ఆయన వైపు చేతులు చాపింది. ఫోను మళ్లీ మోగడం మొదలైంది.