మేడ మీద రికార్డు డాన్సు

పొద్దున్న ఏ పాట విన్నామో మధ్యాహ్నానికల్లా నలుగురికీ చెప్పేసుకుని, ఆ నలుగురూ ఏం విన్నారో కూడా తెలుసుకుని సంతోషించే వసతి ఇప్పుడు అందరికీ ఉంది. తొంభైల్లో కూర్మన్నపాలెంలో ఓ మేడ మీద గదిలో ఉంటూ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వెలగబెట్టిన బ్రహ్మచారికి, అంటే నాకు, ఆ వసతి లేదు. అమలాపురం దగ్గర పల్లెటూరివాడికి జాజ్ పిచ్చి ఎలా పట్టిందని అడుగుతారేమో, అందులో నా తప్పేమీ లేదు. టేబుల్ ఫ్యాను కొందామని కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. (ఆ ఫ్యాను చివరిదాకా కొననే లేదు.) ఓడల్లోంచి దిగిన పాత సామాను కొంత ఆ కొట్టుకి చేరేది. ఓ మూల రికార్డు ప్లేయరూ, దాని పక్కన అట్టపెట్టెలో పదకొండు నల్లటి రికార్డులూ కనిపించాయి. "ఇయ్యి పాటలు కావు బాబూ, ఉత్త బూరలు. తరవాత నన్ననకు" అని కొట్టువాడు ముందే చెప్పి ఒకటి వినిపించాడు. నిజమే, బూరలే. కానీ ఆ ఊదేవాడెవడో నాలాగే ఊరు కాని ఊళ్ళో గది అద్దెకు తీసుకుని ఉంటున్నట్టనిపించింది. ఫ్యాను సంగతి మర్చిపోయి పెట్టెలు రెండూ మోసుకుంటూ బస్సెక్కాను.

వినడం బాగానే ఉంది. విన్నాక ఎవరితో చెప్పుకోవాలి? అదీ నా బాధ. మా సెక్షన్లో పెద్దాయన ఒకరికి చెప్పుకుంటే "పెళ్ళి చేసుకోవయ్యా, తగ్గిపోతుంది" అన్నాడు. ఈ మధ్య జాజ్ బాగా వింటున్నానని అమ్మకి ఉత్తరం రాస్తే, మన దొడ్లో జాజులు కూడా బాగా పూస్తున్నాయి, వేళకి అన్నం తిను అని జవాబొచ్చింది. ఇక లాభం లేదని నేనే రేడియో అనౌన్సరునైపోయి, "శ్రోతలారా, ఇప్పుడు మనం వినబోయేది..." అంటూ గోడకి చెప్పేవాణ్ణి. గోడ మీద బల్లి ఒకటి వినేది. సాక్సోఫోన్ మొదలవగానే అదీ ట్యూబులైటు వెనక్కి పోయేది. మీరు నవ్వుతారు గానీ, ఆదివారం సాయంత్రాలు ఆ గదిలో నాకు నిజంగా ఏడుపొచ్చేది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, పక్కన కూర్చుని "ఆహా" అంటే చాలనిపించేది.

అందుకని ఓ తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి క్యాంటీన్ నోటీసు బోర్డు మీద అంటించాను. "జాజ్ రికార్డులు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మేడ మీద. అభిమానులందరికీ ఆహ్వానం. ప్రవేశం ఉచితం." కింద అడ్రసు. రికార్డు అనగానే జనానికి తీర్థాల్లో ఆడే రికార్డు డాన్సే గుర్తుకొస్తుందని ఈ మేధావికి తట్టలేదు. (మా గోదావరి వైపు రికార్డు డాన్సులు లేకనా? కోకొల్లలు. తట్టలేదంతే.) జాజ్‌ని జాజి అని చదువుకుని, ఎవరో కొత్త డాన్సరు పేరనుకున్నారని తర్వాత తెలిసింది.

ఆదివారం మూడున్నరకే మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తీసి చూద్దును కదా, మెట్ల నిండా జనం, పిట్టగోడ మీద జనం, తలలకి నూనె, ముఖాలకి పౌడరు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్మన్నపాలెంలో ఇంతమంది జాజ్ అభిమానులుండగానా నేను బల్లితో కాలక్షేపం చేశాను! గొంతు సవరించుకుని, "శ్రోతలారా" అని మొదలుపెట్టి, రికార్డు అట్టల వెనక చదివిందంతా పావుగంట వల్లించి, ముల్లు పెట్టాను. కాసేపు ఓపిక పట్టారు.

"బావా, మూజిక్కు బాగుంది గానీ, జాజేదీ?" అన్నాడొకడు.

"డేన్సు గుంటలేరీ? లోపల రెడీ అవుతన్నారేటి?" అని ఇంకొకడు వెళ్ళి నా బాత్రూము తలుపు కొట్టాడు, మర్యాదగానే. (గుంటలంటే అక్కడి వాడుకలో ఆడపిల్లలు.)

"ఇంతే బాబూ, ఇదే. వినడమే" అన్నాను.

"ఇనడమేటి? సూడ్డానికేటీ నేదా?"

ఇంతలో కింద నుంచి మా ఇంటి ఓనరమ్మ చీపురుతో సహా వచ్చింది. "ఏటి బాబూ, గోదారోడివి, బుద్ధిమంతుడివని గదిచ్చీసినాను. నా మేడ మీద రికార్డు డేన్సులాడిస్తావా? ఏరీ ఆ గుంటలు, బయటకి రమ్మను!" అంటూ మంచం కింద కూడా వెతికింది. ఎవరూ దొరక్కపోయేసరికి ఆవిడకి ఇంకా కోపమొచ్చింది. అయిదు నిమిషాల్లో మేడ ఖాళీ అయిపోయింది.

ఒక్కడు మిగిలాడు. నల్లగా, పొడుగ్గా, నలభై దాటిన మనిషి. జాలరి కుటుంబంవాడు. చాలా ఏళ్ళు చేపల బోటు ఇంజను నడిపి, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఖలాసీగా చేరాడట. అందరూ బోటు బావ అనేవాళ్ళు. నేల మీద నాకెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, "కానీ బావా" అన్నాడు. ఆ రోజు రెండు రికార్డులు విన్నాం. వెళ్తూ "బాగుంది బావా" అన్నాడు. ఆ మాటకి నాకు రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సైకిలు మీద వచ్చేవాడు. నేను ఒక్కో రికార్డూ చేతికిచ్చి, ఇందులో బూర ఇలా ఏడుస్తుంది, ఇక్కడ డ్రమ్ము ఎలా ఓదారుస్తుందో గమనించండి అని విడమరిచి చెప్పేవాణ్ణి. అతను పెట్టె వైపు చూసేవాడే కాదు. రెప్ప వేయకుండా నా మొహమే చూసేవాడు. గురుభక్తి అంటే ఇదీ అనుకున్నాను. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఆహా, ఎంతగా లీనమైపోయాడో అనుకున్నాను. మనం అనుకోవడానికి అడ్డేముంది!

నాలుగు నెలలైంది. ఓ ఆదివారం రికార్డు పెట్టి, టీ తేవడానికి కిందికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కరెంటు పోయి, రికార్డు సగంలో ఆగిపోయి ఉంది. బోటు బావ పెట్టె వైపు వీపు పెట్టి, కళ్ళు అరమూసి తల ఊపుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి "ఎలా ఉందండీ?" అన్నాను.

"సివర్లో బాగా ఊదినాడు బావా."

టీ గ్లాసులు కింద పెట్టి, ఆగిపోయిన రికార్డు చూపించాను. అతను వెనక్కి తిరిగి ఆ ముల్లు చూసి, మళ్ళీ నాకేసి తిరిగాడు.

"పన్నెండేళ్ళు బోటింజను పక్కనే తొంగున్నాను బావా. ఎదర కూకుని నోరు సూత్తే మాట తెలుస్తాది. పాట తెలీదు. ఉత్తినే గుయ్యిమంటాది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకొస్తున్నారండీ?" అన్నాను.

"ఆ రోజు అందరూ ఎల్లిపోతంటే నీ మొకం సూసినాను. నాను కూడా ఎల్లిపోతే ఏడిసీలాగున్నావు. అందుకే కూకున్నాను. మరసటి వారం కూడా నీ మొకం అలగే ఉంది. మరేటి సేత్తాను?"

అతనికి సంగీతజ్ఞానం ప్రసాదిస్తున్నానని నాలుగు నెలలు విర్రవీగిన నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుకి కోపం తోడైతే మనిషి నోట మంచి మాట రాదు. "ఇక మీదట నా కోసం శ్రమ తీసుకోకండి" అన్నాను. నా మొహం చూస్తూ ఆ మాట చదువుకున్నాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా షిఫ్టులో ఏం చేశానో నాకే తెలియదు. రికార్డు పెడితే బూర గుయ్యిమనడం తప్ప ఏమీ వినిపించలేదు. ఎంత పని చేశావురా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆదివారం మూడింటి నుంచీ పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను. నాలుగైంది, నాలుగుంబావైంది. సైకిలు సందు మొదట్లో తిరిగింది. హ్యాండిలుకి ఓ సంచి, అందులో ఇంటిదాని చేత వేయించి తెచ్చిన చేపలు.

ఎప్పటిలాగే ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. క్షమించమనడానికి నోరు రాలేదు. ఊరికే తల వంచుకుని చేపలు తింటూ కూర్చున్నాను.

"ఏటి బావా, ఇయాల ఏటీ సెప్పవేటి? తలొంచుకుంటే నాకేటి తెలుస్తాది?"

తల ఎత్తాను. మొదలుపెట్టాను. ఓడలెక్కి ఎక్కడెక్కడో తిరిగొచ్చిన ఆ రికార్డుల గురించి, బూర ఊదేవాడి గది గురించి (దానికి కిటికీ కూడా పెట్టాను), చివరికి మా ఊరి గురించి, అమ్మ గురించి, పొద్దు గూకే దాకా చెప్తూనే ఉన్నాను. అతను నా మొహం చూస్తూ మధ్యమధ్య "ఆహా" అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాక గానీ చూసుకోలేదు, ఆ సాయంత్రం నేను ఒక్క రికార్డూ పెట్టలేదు. అంత ప్రాణంగా చూసుకున్న జాజ్‌ని అంత సులువుగా మర్చిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎదురుగా కూర్చుని మొహం చూసే మనిషి వాడికి ఉన్నాడు కదా, కాస్త అసూయ కూడా వేస్తుంది.