ఆయ్ అంటే పెట్రోలు కాదు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ముందే రాసేస్తాను. 2003లో తాటిపాక దగ్గర ఒక పెట్రోలు బంకులో షిఫ్టు సూపర్‌వైజరుగా చేరేనాటికి నేను కారు ముందు సీట్లో ఒక్కసారైనా కూర్చున్నదాన్ని కాదు. ఆ తరువాత ఏ కారుకి ఏ పెట్రోలు పోయించాలో డాక్టర్లకీ, ప్లీడర్లకీ, ఒక కాలేజీ ప్రిన్సిపాలు గారికీ నేనే చెబుతూ వచ్చాను. కారెక్కావా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సూపర్‌వైజరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన ఓనరు రాజుగారు, కింద పంపుల దగ్గర నిలబడే మనుషులు, మధ్యలో నేను. పొద్దున్నే భూమిలో ఉన్న ట్యాంకులోకి కొలకర్ర దించి సరుకు ఎంతుందో చూడాలి. దాన్ని డిప్ అంటారు. తరువాత గాజు జాడీలో కొంచెం పెట్రోలు పోసి సాంద్రత చూడాలి. ఈ రెండు పనులకీ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కనక నాకు ఉద్యోగం నచ్చింది.

మరుసటి ఏడాది ప్రీమియం పెట్రోలు వచ్చి ఆ సుఖం పోగొట్టింది. కాకినాడలో శిక్షణ ఇచ్చి, కారు వచ్చిన ప్రతిసారీ సూపర్‌వైజరు స్వయంగా వెళ్లి ప్రీమియం గురించి చెప్పాలన్నారు. నేను చెప్పవలసిన వాక్యాలు ముందురోజు డైరీలో రాసుకుని బట్టీ పట్టేదాన్ని. రెండో వాక్యంలో ఉండగానే కారు వెళ్లిపోయేది.

సంగతి నిజానికి చిన్నదే. పెట్రోలుకి ఆక్టేన్ సంఖ్య అని ఒకటుంటుంది. ఇంజనులో పెట్రోలు ఆవిరి బాగా నొక్కుకుపోయాక సరైన క్షణంలో మండాలి. ముందే తనంతట తాను అంటుకుంటే లోపల కటకటమని చప్పుడొస్తుంది. ఆ తొందరపాటు లేకుండా ఓపిక పట్టే గుణానికి కొలతే ఆక్టేన్. ప్రీమియంలో అది కొంచెం ఎక్కువ. గట్టిగా నొక్కే ఇంజన్లకి అది అవసరం, మిగతావాటికి దానితో ప్రత్యేకించి ఒరిగేదేమీ లేదు. టైర్లకి గాలి పట్టే లోపల కారుతో వచ్చే పుస్తకాలు అడిగి తీసుకుని, నవలలు చదివినట్టు చదివి ఈ సంగతి తెలుసుకున్నాను. ఏ పుస్తకం తిరగేసినా ఒకటే మాట: ఇక్కడ రాసిన గ్రేడు వాడండి.

మా వైపు మాత్రం గ్రేడు ఇంజన్ని బట్టి కాదు, బంధుత్వాన్ని బట్టి నడిచేది. ప్రీమియాన్ని అందరూ "మంచి పెట్రోలు" అనేవారు. సొంతంగా తిరగడానికి మామూలుది, వియ్యంకుల్ని ఎక్కించుకుంటే మంచిది. "మంచిదంటున్నారు, మరి రెండోది చెడ్డదాండీ?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆ ప్రశ్న కూడా డైరీలో రాసుకున్నాను.

రాజుగారు మెత్తని మనిషే గాని ఒక్క విషయంలో కఠినం. ఒక నూనె బదులు ఇంకోటి పోసినవాడు ఆ పూటే ఇంటికి పోవాలి. అలా ఒకతను వెళ్లిపోవడం నేను చేరిన కొత్తలోనే చూశాను. అప్పటినుంచి ఆ భయం ఎక్కువగా పట్టుకున్నది సత్తిబాబుకి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పంపు దగ్గర అందరికంటే పాతవాడు. కోపమొచ్చినా "అండీ" తగిలించే మనిషి.

2004 పెళ్లిళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం వెండిరంగు కొత్త కారొకటి వచ్చింది. నడుపుతున్నది హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త అల్లుడు. గేటు దగ్గర "ఇంజను ఆపవలెను" అన్న బోర్డు చదివి, చదువుకున్నవాడు కనక అక్కడే ఆపేసి, కారుని దొర్లించుకుంటూ లోపలికి తెచ్చాడు. ఇంజను చప్పుడు వింటే డీజిలు బండో పెట్రోలు బండో సత్తిబాబు వీపు తిప్పుకునే చెప్పేవాడు. ఆ రోజు వినడానికి చప్పుడే లేదు.

అల్లుడు ఎదురుగా ఉన్న కొట్టుకి సోడా తాగడానికి వెళ్లాడు. పక్క సీట్లోంచి మావగారు దిగారు. సఖినేటిపల్లి వైపు కొబ్బరితోటల ఆసామి, వెంకట్రావు గారు. సత్తిబాబు ట్యాంకు మూత తెరిచాడు. మూతకి లోపలివైపు ఏ నూనె పోయాలో తెలిపే చీటీ ఉంటుంది. అత్తగారు కొత్త కారుకి పూజ చేస్తూ చక్రాలతో ఆగకుండా అక్కడ కూడా పసుపు మెత్తి బొట్లు పెట్టారు. చీటీ పసుపు వెనక ఉండిపోయింది.

"మా అల్లుడుగారి కారండి, మంచిది కొట్టండి," అన్నారు వెంకట్రావు గారు.

నేను దగ్గరకెళ్లి బట్టీ పట్టింది మొదలుపెట్టాను. ఏ గ్రేడన్నది కారు పుస్తకంలో ఉంటుందన్నాను. ఆయన మా వైపు మర్యాద ప్రకారం "ఆయ్" అన్నారు. ఎక్కువ ధరది పోసినంత మాత్రాన ఎక్కువ మేలు జరగదన్నాను. "ఆయ్," అన్నారు. మొదటిసారి ఒకరు నా మాటలు చివరిదాకా విన్నారని నాకు సంతోషంగా ఉంది.

"పెట్రోలు కారేనాండీ?" అన్నాడు సత్తిబాబు.

"ఆయ్."

"డీజిలు కాదు కదండీ?" అన్నాను నేను, జాగ్రత్త కోసం.

"ఆయ్."

ఆ రెండూ ఔనన్న మాటలే అనుకుని సత్తిబాబు పంపు నొక్కాడు. డీజిలు గొట్టం లావు, అది పెట్రోలు కారులో పట్టదు. పెట్రోలు గొట్టం సన్నం, ఎందులోనైనా పడుతుంది. కనక గొట్టం కూడా మమ్మల్ని హెచ్చరించలేదు.

ట్యాంకు నిండింది. అల్లుడు వచ్చి సీట్లో కూర్చుని, "మావయ్యగారూ, డీజిలు ఫుల్లు చేయించారా?" అన్నాడు.

"ఆయ్," అన్నారు మావగారు.

సత్తిబాబు చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. అల్లుడు తాళం మీద చెయ్యి వేశాడు. డీజిలు ఇంజనులోని పంపుకి డీజిలు జిడ్డే ఆధారం. పెట్రోలు వెళితే అది పొడిపొడిగా రాసుకుని పాడవుతుంది. తాళం తిప్పనంతసేపూ ట్యాంకు కడుక్కుంటే చాలు, తిప్పితే ఇంజనుదాకా పోతుంది. "తాళం తిప్పొద్దండి" అని అరిచాను. నా గొంతు అంతదూరం వెళుతుందని నాకే తెలియదు. సోడా కొట్టతను కూడా చేతిలో సీసా దించేశాడు.

రాజుగారు లోపలినుంచి వచ్చారు. సంగతి విని సత్తిబాబు వైపు చూశారు. సత్తిబాబు చొక్కా మీద ఉన్న బంకు బ్యాడ్జీ తీయడం మొదలుపెట్టాడు.

"ఆయన ఆయ్ అన్నారండి," అన్నాను.

"నేను ఆయ్ అన్నది వింటున్నానని గానండి, పోయమని కాదండి," అన్నారు వెంకట్రావు గారు. "ఆడపిల్ల అంత కష్టపడి చెప్తుంటే ఊరుకుంటే ఏం మర్యాదండి?"

రాజుగారు విచారణకి దిగారు. తమరు పెట్రోలు పోయమన్నారా అని అడిగితే ఆయన "ఆయ్" అన్నారు. పోయమనలేదా అంటే దానికీ "ఆయ్" అన్నారు. ఇంకో రెండు ప్రశ్నలకి కూడా అదే జవాబు వచ్చింది. అప్పుడు కారులోంచి నవ్వు వినిపించింది. అల్లుడు స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతున్నాడు.

"నాలుగు రోజుల నుంచి 'రేపు బయల్దేరతాం మావయ్యగారూ' అంటున్నానండీ," అన్నాడు రాజుగారితో. "రోజూ ఆయ్ అంటున్నారు. తెల్లారేసరికి వంటకి కొత్త చేపలు వస్తున్నాయి. నాకు ఈవాళ అర్థమైంది. పంపు దగ్గరున్న ఈ పెద్దమనిషిని ఏమీ అనకండి."

రాజోలు నుంచి మెకానిక్కు వచ్చి ట్యాంకు విప్పి, మొత్తం తోడి, ఫిల్టరు మార్చేసరికి పొద్దు వాలింది. ఆ కాసేపట్లో వెంకట్రావు గారు ఇంటికి కబురు పంపి రాత్రి వంట చెప్పేశారు. ఇంక ఈ పూటకి ప్రయాణం లేదు కదా అని ఆయన మొహం వెలిగిపోతోంది.

తరువాత రాజుగారు కొత్త పద్ధతి పెట్టారు. పంపు దగ్గర కొత్తగా రాయించిన బోర్డు మీద "ఆయ్ అనరాదు. పెట్రోలో డీజిలో పేరు చెప్పవలెను" అని ఉండేది. చదివిన ప్రతివారూ "ఆయ్" అని, నాలుక కరుచుకుని, పేరు చెప్పేవారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. కారుకి సరైన నూనె దాని మూత మీదా, దాని పుస్తకంలోనూ రాసి ఉన్నది. మర్యాద మనుషులకి చేయాలి, ట్యాంకుకి కాదు. జవాబు వచ్చిందనుకోవడానికి ముందు అది ఏ ప్రశ్నకి వచ్చిందో చూసుకోవాలి.

ట్యాంకు తోడిన ఆ సాయంత్రం లెక్క అప్పగించేటప్పుడు సత్తిబాబు గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. అల్లుడు ఏమీ అనవద్దన్నాడు గాని, బంకు అల్లుడిది కాదు. నేను రాజుగారి బల్ల ముందు నిలబడి, సత్తిబాబు రేపు డ్యూటీకి రావచ్చాండీ అని అడిగాను.

"ఆయ్," అన్నారు ఆయన, నోట్లు సర్దుకుంటూ.

నేను కదల్లేదు. అంతకుముందు ఎవరినీ ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగి ఎరుగను. ఆ రోజు అడిగాను. ఆయన తలెత్తి నన్ను చూసి, గేటు వైపు చూసి, నోట్లు పక్కన పెట్టారు.

"రమ్మనండి, అమ్మాయిగారూ. పొద్దున్నే ఆరింటికల్లా రమ్మనండి."