చెంబు ముట్టని టీచరమ్మ

మా ఊరి టీచరమ్మ పోయింది. సోమవారం పొద్దున గొర్లను దొడ్డిలోంచి విడుస్తుంటే సూర్యాపేట దవాఖాన నుంచి కబురొచ్చింది. గుండె ఆగిందట. మునగాలలో సంతాప సభ పెడితే నేనూ వెళ్లాను. ఒక పెద్దసారు మైకు పట్టుకుని, "పాపం, ఒత్తిడి తట్టుకోలేకపోయింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నాకొచ్చినవి నాలుగు అక్షరాలే. వాటితోనే జవాబు రాస్తున్నాను.

మా బడికి ఆమె ఒక్కతే. అయిదు తరగతులూ ఆమెవే. పిల్ల బడికి రాకపోతే సాయంత్రం ఆ ఇంటి ముందు నిలబడేది. మా దిక్కు ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తాం. తాగకుండా పోతే ఆ ఇంటికి అవమానం. ఆమె మాత్రం చెంబు ముట్టేది కాదు.

నా మనవరాలిని గొర్ల వెంట తీసుకుపోయే రోజుల్లో మా ఇంటికీ వచ్చింది.

"ఏం టీచరమ్మా, మా నీళ్లకేమొచ్చింది?" అన్నాను.

"నీళ్లకేం రాలే పెద్దయ్యా. పిల్ల రేపు బడికొస్తదని చెప్పు, చెంబు మొత్తం తాగుత."

"మరి గొర్లను నువ్వు కాస్తవా?"

"కాస్త. లెక్కలు నువ్వు చెప్తవా?"

వాడకట్టంతా నవ్వింది. ఎండకు ఆమె పెదాలు పగిలి ఉన్నాయి. కదిలితేనా! "సరే, వస్తది పో" అన్నాక చెంబు ఎత్తి గటగటా తాగింది. ఆ మనవరాలు ఇప్పుడు కోదాడలో నర్సు చదువుతోంది.

పోయినేడు సూర్యాపేట నుంచి ఇద్దరొచ్చారు. టీచర్లు కష్టాన్ని ఎంత తట్టుకుంటారో కొలుస్తారట, వడ్లు కొలిచినట్టు. నేను బడి అరుగు మీదే ఉన్నాను.

"అలసట వస్తదా మేడం?"

"వస్తది."

"ఏడుపొస్తదా?"

"నిన్ననే ఏడ్చిన."

"నౌకరీ మానేద్దామనిపిస్తదా?"

"బడి కురిసినప్పుడల్లా అనిపిస్తది."

తక్కిన బళ్లలో అందరూ మాకేం బాధ లేదన్నారట. వాళ్లకు మంచి మార్కులు. నిజం చెప్పిన ఈమెకు తక్కువ. ఓర్పు నేర్పుతామని సూర్యాపేటకు పిలిచారు. ఆమె అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ బడికి తాళం.

"ఏం నేర్పిండ్రమ్మా?" అని అడిగాను వచ్చాక.

"కండ్లు మూసుకొని ఊపిరి పీల్చుమన్నరు పెద్దయ్యా. ఇంకో టీచర్‌ను ఇయ్యుండ్రి, ఊపిరి నేనే పీల్చుకుంట అన్న."

ఇవ్వలేదు.

రాత్రి ఏడ్చి, తెల్లారి బడి తాళం తీసిన మనిషి బలహీనురాలా? నెత్తిమీది బరువు దించరు గానీ మెడ గట్టిదో కాదో కొలుస్తారా? అదేం కొలత? ఆ పెద్దసారును ఒక్క ఎండాకాలం మా వాడకట్టులో ఒక్కో ఇంటి ముందు నిలబెట్టండి. అప్పుడు మాట్లాడమనండి.

ఇప్పుడు బడికి రోజుకొకరిని పంపుతున్నారు. రాని పిల్లల కోసం ఎవరూ తిరగరు. నిన్న సాయంత్రం చివరింటికి నేనే వెళ్లాను. వాళ్ల పిల్లను పత్తి ఏరడానికి తీసుకుపోతున్నారు. ఆ ఇంటి కోడలు చెంబు తెచ్చింది.

"కూసో తాతా, నీళ్లు తాగు."

నేను చెయ్యి చాపలేదు.

"ఏంది తాతా, అచ్చం టీచరమ్మ లెక్క నిలబడ్డవ్?"

"పిల్ల రేపు బడికొస్తదా?"

ఆమె నవ్వబోయి ఆగింది. చెంబు గడప పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. నా గొంతు ఎండుతోంది. నిలబడే ఉన్నాను. లోపల ఎక్కడో పిల్ల బడిసంచి దులుపుతున్న చప్పుడు వినబడింది.