కడిగిన రేకుల మీద ఏడు గీతలు

బెర్నిస్ ట్రోయాన్ చేతిపనిని ఆమె తమ్ముడి మీదే సాక్ష్యంగా ప్రయోగించారు. ఆమెను అడగలేదు. ఆమెకు చెప్పలేదు.

డెట్రాయిట్‌లోని ఒక ప్రకటనల బొమ్మల సినిమా స్టూడియోలో బెర్నిస్ పదకొండేళ్లుగా సిరాపని చేస్తోంది. చిత్రకారులు కాగితం మీద పెన్సిలుతో వేసిన బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీదికి సిరాతో ఎక్కించి, రంగు నింపేందుకు పక్క బల్లకు అందించాలి. నాట్యమాడే సబ్బుబిళ్లలు, కన్నుగీటే బ్యాటరీలు, కండలు తిరిగిన కార్లు. సినిమా చివర డబ్బు పెట్టిన కంపెనీ పేరు పడేది, ఆమె పేరు ఎన్నడూ పడలేదు. చిత్రీకరణ ముగియగానే రేకులను తొట్టిలో కడిగి, ఆరబెట్టి, మరో సినిమాకు వాడేవారు. వారమంతా గీసినది శుక్రవారం మురికినీళ్లై పోయేది.

ఆమెకున్న లోపమల్లా చెయ్యి బరువు. కలం పాళీ రేకును గీరేది.

"ఏమ్మా బెర్నిస్, గీస్తున్నావా, దున్నుతున్నావా? నీ చేతిలో పడ్డ రేకు మూడోసారికి పనికిరావట్లేదు," అని పర్యవేక్షకురాలు మిసెస్ హార్గ్రోవ్ దెప్పేది.

"బంగాళాదుంపలు తవ్వినవాళ్ల మనవరాల్ని కదమ్మా, ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది?" అనేది బెర్నిస్. తొలి ఏళ్లలో నవ్వుతూ అనేది. తర్వాత తలెత్తకుండానే అనేది.

1954 శీతాకాలంలో, కార్ల ఇనుపరేకు భాగాలు అచ్చుగుద్దే ఒక కంపెనీ తన కార్మికుల కోసం భద్రతా పాఠాల సినిమా ఒకటి తీయించింది. పద్నాలుగో దృశ్యంలో, చెయ్యి లోపలికి పోకుండా ఏడు కడ్డీల ఇనుప అడ్డు కిందికి దిగితేగాని ప్రెస్సు యంత్రం కదలదు. ఆ కడ్డీలను బెర్నిస్ స్కేలు పెట్టి గీసింది. చూసి ఆమోదించడానికి వచ్చిన కంపెనీ మనిషి ఆమె బల్ల పక్కనే నిలబడి, "ఈ అడ్డు తీసేయండి. మా ప్రెస్సులకు అవి లేవు. తెర మీద చూపిస్తే రేపు ప్రతివాడూ అడుగుతాడు," అన్నాడు.

రేకులు కడిగేశారు. అడ్డు బదులు, పరధ్యానంగా ఈలవేస్తూ ప్రెస్సులో చెయ్యిపెట్టే ఒక వెర్రివాడి బొమ్మ వచ్చింది. దానికీ సిరా బెర్నిసే పట్టించింది.

ఆ ప్రెస్సుల దగ్గరే ఆమె తమ్ముడు ఫ్లోరియన్ పనిచేసేవాడు. ఆగస్టులో అతని కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. పరిహారం విచారణలో కంపెనీ న్యాయవాది ఆ సినిమా ఆడించి, ఫ్లోరియన్ సంతకం చేసిన చీటీ చూపించాడు. పాఠం చూశాడు, అర్థమైందని ఒప్పుకున్నాడు, అయినా చెయ్యి పెట్టాడు. తెలిసి చేసిన తప్పుకు పరిహారం లేదన్నది వాదన.

ఆ సాయంత్రం ఫ్లోరియన్ ఎడంచేత్తో బీట్‌రూట్ పులుసు తాగుతూ అడిగాడు. "అక్కా, ఆ ఈలవేసేవాణ్ని నువ్వే గీశావా?"

"నేనే."

"బాగా గీశావులే. ఫ్యాక్టరీ హాల్లో చూపించినప్పుడు అందరం పగలబడి నవ్వాం."

ఆమె గిన్నెలు తీసేసింది. అడ్డు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. రుజువేదని అడిగితే తొట్టినీళ్లు చూపించాలా?

అక్టోబరులో ఒక ఉదయం ఆమె టూత్‌పేస్టు గొట్టం బొమ్మ కోసం కడిగిన రేకు తీసుకుంది. కిటికీ వెలుగు ఏటవాలుగా పడింది. ఖాళీ రేకు మీద వెంట్రుకంత సన్నని గీతలు. లెక్కపెట్టింది. ఏడు. మూలన తన చేత్తోనే వేసిన దృశ్యం అంకె, పద్నాలుగు. కట్టంతా వెతికితే అలాంటివి ఇంకో నాలుగు దొరికాయి. ఐదింటినీ కాగితంలో చుట్టింది.

"అవి స్టూడియో సొత్తు," అంది మిసెస్ హార్గ్రోవ్.

"రేకు మీదేనమ్మా. గీత నాది."

"అవి గడప దాటితే రేపు నువ్వు లోపలికి రావు."

"సరే, రాను." వాదించే ఓపిక ఆమెకు లేదు. కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

తర్వాతి విచారణలో కంపెనీ న్యాయవాది రేకును అటూఇటూ తిప్పి, "ఇందులో ఏముందమ్మా? గాజుపలకలా ఉంది," అని నవ్వాడు.

"కిటికీ దగ్గరికి రండి. వంచి పట్టుకోండి. మీ వాళ్లు కడిగించింది సిరానే, గాటు పోలేదు," అంది బెర్నిస్.

విచారణాధికారి తానే లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. కాగితం తెప్పించుకుని, గాట్లను ఒత్తి చూస్తూ, పెన్సిలుతో ఒక్కొక్క కడ్డీనీ గీసుకున్నాడు. ఏ మార్పు కోరినా కంపెనీలు ఉత్తరం కూడా రాస్తాయని బెర్నిస్ చెప్పడంతో, ఆ దృశ్యం మార్చమని స్టూడియోకు రాసిన ఉత్తరం దాఖలు చేయమని కంపెనీని ఆదేశించాడు.

తర్వాత మూడు వాయిదాలు పడ్డాయి. ఉత్తరం రాలేదు. బెర్నిస్ ఇప్పుడు ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. వాయిదా ఉన్న ప్రతిసారీ సెలవడిగి, ఐదు రేకులూ ఒళ్లో పెట్టుకుని, తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చుంటోంది. ఆ సినిమా మాత్రం కొత్తగా చేరినవాళ్లకు ప్రతి సోమవారమూ చూపిస్తూనే ఉన్నారు. వాళ్లూ నవ్వుతున్నారు, సంతకాలు పెడుతున్నారు.

కంపెనీ యజమానులారా, చేతులు తెగకుండా ఉండాలంటే ఏం కావాలో మీకు ముందే తెలుసు. తెలిసే చెరిపించారు. ఆ ఉత్తరం దాఖలు చేయండి. ఫ్లోరియన్ ట్రోయాన్ తెలిసి తప్పు చేశాడన్న వాదనను రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. వచ్చే సోమవారం ఆ సినిమా ఆడించే ముందు, ఆ ఏడు కడ్డీలనూ ప్రతి ప్రెస్సుకూ బిగించండి.